జడ్జిగారే చూశారనుకోండి

పాఠకుల ప్రశ్నలు – లాయరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హత్య కేసుల మీదే, అందులోనూ బెంచీ మీద కూర్చున్న మనిషి గురించే. ముద్దాయి గురించి, లాయర్ల గురించి అందరూ అడుగుతారు గానీ జడ్జి లోపల ఏం జరుగుతుందని అడిగేవాళ్ళు తక్కువ. విశాఖ కోర్టుల్లో క్రిమినల్ వైపు ముప్పై ఏళ్ళకు పైగా తిరిగినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇష్టమైన విషయం. ఒకటి రెండు జవాబులు పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నమస్కారం సార్. నేనొక కోర్టు థ్రిల్లర్ నవల రాస్తున్నాను, కథంతా వైజాగ్‌లోనే. హత్య కేసుని ఒక అదనపు సెషన్స్ జడ్జి విచారిస్తుంటారు. సాక్ష్యాలన్నీ ముద్దాయికి వ్యతిరేకంగా ఉన్నాయి. కానీ హత్య జరిగిందంటున్న గంటలో ఆ కుర్రాణ్ణి జడ్జిగారే స్వయంగా ఇంకోచోట, భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో చూశారు. ఆ వేళప్పుడు ఆయన అక్కడెందుకున్నారో ఇంట్లోవాళ్ళకి తెలియకూడదు. సాక్ష్యాల్ని నమ్మి శిక్ష వేస్తారా, తన కళ్ళని నమ్మి వదిలేస్తారా అన్నది క్లైమాక్స్. చట్టం ఏమంటుంది? – ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: కథ బాగుంది. కానీ మీరు జడ్జికి రెండు దారులే ఇచ్చారు, రెండూ చట్టం ఒప్పుకోనివే. నిర్దోషి అని తెలిసీ శిక్ష వేయడం ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు. పోనీ తను చూసింది మనసులో పెట్టుకుని వదిలేశారనుకోండి, ఫలితం న్యాయమే అయినా తీర్పులో అబద్ధం రాయాల్సి వస్తుంది. తీర్పంటే 'నిర్దోషి' అన్న ఒక్క మాట కాదు కదా. ఏ అంశాలు తేల్చాలి, ఏం తేల్చాను, ఎందుకలా తేల్చాను అని కారణాలు రాయాలి, ఆ కారణాలు రికార్డులో ఉన్న సాక్ష్యంలోంచే రావాలి. 'నేను చూశాను' అని రాయలేరు కాబట్టి పాపం చీకట్లో పొరపాటు పడిన సాక్షిని అబద్ధాలకోరని రాయాలి, తన పని తాను సరిగ్గా చేసిన డాక్టర్ని తప్పుపట్టాలి. రేపు ప్రభుత్వం హైకోర్టుకి అప్పీలుకి వెళితే ఈ కట్టుడు కారణాలు ఒక్కొక్కటే ఊడిపోతాయి, కుర్రాడు మళ్ళీ మొదటికొస్తాడు.

మూడో దారి ఉంది. జడ్జిగారు కుర్చీ దిగి బోనెక్కడం.

జడ్జి తనకి సొంతంగా తెలిసిన విషయంతో కేసు తేల్చకూడదు. ఆ విషయం కేసుకి అవసరమైతే మిగతా సాక్షుల్లాగే ఆయనా ప్రమాణం చేసి చెప్పాలి, ఎదుటి పక్షం ఆయన్ని క్రాస్ చేయాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేయాలి. ఒకే కేసులో ఒకే మనిషి సాక్షీ జడ్జీ కాలేడు. తనకి వ్యక్తిగత సంబంధం ఉన్న కేసుని పై కోర్టు అనుమతి లేకుండా జడ్జి విచారించకూడదని బీఎన్ఎస్ఎస్, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, 525వ సెక్షన్లో చెబుతోంది, దాని పాత రూపమైన సీఆర్‌పీసీలో అది 479. మీ కథలో ఆయన అదనపు సెషన్స్ జడ్జి కాబట్టి ప్రిన్సిపల్ జిల్లా జడ్జికి రిపోర్టు రాసుకోవచ్చు, కింది కోర్టు రిపోర్టు మీద కేసుని ఇంకో కోర్టుకి మార్చే అధికారం ఆయనకి 448 కింద ఉంది. అదే మీ హీరో ప్రిన్సిపల్ జడ్జి అయితే రిపోర్టు నేరుగా అమరావతికి, హైకోర్టుకి వెళుతుంది. కొత్తగా వచ్చిన జడ్జి కేసుని మొదట్నుంచీ నడపక్కర్లేదు, అప్పటిదాకా రికార్డయిన సాక్ష్యం నుంచే కొనసాగించొచ్చు, అవసరమనుకుంటే పాత సాక్షుల్ని మళ్ళీ పిలిపించొచ్చు.

ఇప్పుడు ఆ సీను ఊహించుకోండి. డయాస్ నుంచి సాక్షి బోనుకి మహా అయితే నాలుగడుగులు. మూడేళ్ళుగా ఆయన హాల్లోకి వస్తుంటే లేచి నిలబడిన బెంచి గుమాస్తా ఇప్పుడు ఆయన్ని డి.డబ్ల్యు.1 అని, అంటే డిఫెన్స్ మొదటి సాక్షి అని రాసుకుంటాడు. నిన్నటిదాకా ఆయన బెల్లు కొడితే పరుగెత్తుకొచ్చిన అటెండరే వరండాలోకెళ్ళి ఆయన పేరు మూడుసార్లు పిలుస్తాడు. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, లేస్తారు. 'ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మీరక్కడ ఎందుకున్నారు సార్? పక్కన ఎవరున్నారు?' అని అడుగుతారు, అడిగి తీరాలి, లేకపోతే ఆయన ఉద్యోగం ఆయన చేయనట్టే. మీరు క్లైమాక్స్ అనుకుంటున్న 'శిక్షా, విడుదలా' కంటే ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం వెయ్యి రెట్లు కష్టం. ఒక అపరిచితుడి ప్రాణం కోసం తన పరువు బయట పెట్టుకోగలడా అన్నదే మీ జడ్జి అసలు సంఘర్షణ అని నాకనిపిస్తోంది.

జడ్జి కాబట్టి చెప్పనక్కర్లేదని తప్పించుకోవచ్చా అంటే, లేదు. కోర్టులో జడ్జిగా తన నడవడి గురించి, జడ్జి హోదాలో కోర్టులో తనకి తెలిసిన విషయాల గురించి మాత్రమే ఆయన్ని బలవంతంగా అడగకూడదు, అది కూడా పై కోర్టు ఆదేశిస్తే అడగొచ్చు. బీచ్ రోడ్డులో చూసినదానికి ఆ రక్షణ లేదు. ఇంకో విశేషం. పాత సాక్ష్య చట్టం 121వ సెక్షన్లో ఒక ఉదాహరణ ఉంది, ముద్దాయి సెషన్స్ జడ్జి ఎదుట విచారణ జరుగుతుండగానే ఒక పోలీసు అధికారిని చంపబోతాడు, అక్కడ జరిగినదాని గురించి ఆ జడ్జిని సాక్షిగా విచారించొచ్చు అని. 1872 నాటి చట్టం. ఒక థ్రిల్లర్‌కి సరిపడా దృశ్యం చట్టం పుస్తకంలోనే ఉందన్నమాట.

రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, హత్య సరిగ్గా తొమ్మిదిన్నరకే జరిగిందని డాక్టరు చేత చెప్పించకండి. మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పోస్టుమార్టం చేసిన డాక్టరైనా ఇంకెవరైనా 'ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు' అని ఒక అంచనా ఇస్తారంతే, అందులోనూ మన ఊరి ఎండకీ ఉక్కకీ శవం బిగుసుకోవడం, మళ్ళీ సడలడం రెండూ తొందరగా అయిపోతాయి. కాబట్టి టైమ్‌ని కంటి సాక్షితోనో సీసీటీవీతోనో ఫోన్ కాల్స్‌తోనో బిగించండి, అప్పుడే జడ్జి చూసినదానికి విలువ. రెండోది ముఖ్యం. ఆయన ముద్దాయిని గుర్తుపట్టేది తీర్పు ముందు కాదు, ఛార్జీలు చదివి వినిపించే రోజు. కుర్రాణ్ణి ముందు నిలబెట్టి 'నేరం ఒప్పుకుంటావా?' అని అడగాల్సింది ఈయనే కదా, మొహం చూడకుండా ఎలా ఉంటారు? ఆ రోజు నోరు మూసుకున్నారంటే తర్వాత ప్రతి వాయిదా ఆయన చేస్తున్న తప్పే. సస్పెన్స్ అక్కడ మొదలుపెట్టండి.

ప్రశ్న: కోర్టులో జడ్జిగారు నిజంగా సుత్తి కొడతారా? భగవద్గీత మీద చెయ్యి వేయిస్తారా? ఎప్పుడూ కోర్టు మెట్లెక్కని అదృష్టవంతురాలిని. – గాజువాక నుంచి ఒక గృహిణి

జవాబు: రెండూ లేవమ్మా. ఇన్నేళ్ళలో ఏ కోర్టులోనూ నేను సుత్తి చూడలేదు, గోల ఎక్కువైతే జడ్జిగారు తలెత్తి చూస్తారు, అది చాలు. ప్రమాణాలకి 1969 నాటి చట్టం ఉంది, దేవుడి సాక్షిగా అనొచ్చు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు మనస్సాక్షిగా అనొచ్చు, గ్రంథం మీద చెయ్యి వెయ్యనక్కర్లేదు. 'మై లార్డ్' కూడా కింది కోర్టుల్లో అవసరం లేదు, 'సార్' అంటే చాలని బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది.

ప్రశ్న: సాక్షి తెలుగులో చెబితే జడ్జిగారు ఇంగ్లీషులో రాయిస్తారట. మన శ్రీకాకుళం, విజయనగరం మాట వేరే జిల్లా నుంచి వచ్చిన జడ్జికి అర్థమవుతుందా? ఉరి దాకా వెళ్ళే కేసుల్లో ఇది ప్రమాదం కాదా? – రిటైరైన తెలుగు మాస్టారు, భీమిలి

జవాబు: మాస్టారూ, మీరు అడిగినది చాలా పెద్ద విషయం. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో కళ్ళారా చూసింది చెబుతాను. పాత పట్నం వైపు జరిగిన హత్య. చేపల గంప మోసే ఒక ముసలమ్మ కంటి సాక్షి. మే నెల, కిటికీలన్నీ తెరిచినా గాలి లేదు, పైన ఫ్యాను చప్పుడుకి ఆమె గొంతు సగం వినిపించడం లేదు. జడ్జిగారిది అనంతపురం వైపు. 'ముందు రోజు ఏమన్నాడమ్మా?' అని పీపీ అడిగితే ఆమె 'నిన్ను సంపేత్తానొరే అన్నాడు బాబూ' అంది. స్టెనో వేళ్ళు టైపు మిషన్ మీద ఉన్నాయి. 'చంపుతానని బెదిరించాడు' అని ఇంగ్లీషులో ఒక వాక్యం పడితే అయిపోయినట్టే, పథకం ప్రకారం చంపాడనడానికి అంతకంటే ఏం కావాలి?

జడ్జిగారు చెప్పబోయి ఆగారు. ఆమె వైపు తిరిగి, 'అమ్మా, ఆ మాట అతను ఆ రోజే అన్నాడా, మామూలుగా కూడా అంటుంటాడా?' అని అడిగారు. 'ఏటి బాబూ, అన్నం తినకపోతే ఆడు పిల్లల్ని కూడా అలాగే అంతాడు' అంది ఆవిడ. హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరికీ అర్థమైంది. మన ఇళ్ళలో అమ్మలు రోజుకి పదిసార్లు అనే మాట అది. ఆయన తెలుగు మాటని ఉన్నదున్నట్టు తెలుగులోనే రాయించి, పక్కన ఆమె రెండో జవాబు కూడా రాయించారు. హైకోర్టులో ఎవరు చదివినా ఆ మాటకి అసలు బరువెంతో తెలియాలి కదా.

సాక్షిని ఏ ప్రశ్నైనా అడిగే అధికారం జడ్జికి ఉంది, పాత సాక్ష్య చట్టంలో 165వ సెక్షన్, ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంలో 168. జడ్జి ఊరికే వింటూ కూర్చోకుండా నిజం రాబట్టడానికి పూనుకోవాలనీ, అలాగని పీపీ అవతారం ఎత్తి సాక్షుల్ని భయపెట్టకూడదనీ 1981లో రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ.చిన్నప్ప రెడ్డి. ఆ గీత ఎక్కడుందో పుస్తకం చెప్పదు, ఆ ముసలమ్మని అడిగిన పద్ధతిలో నాకు కనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. రాసిన వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలి, అతనికి రాని భాషలో ఉంటే అర్థమయ్యేలా చెప్పాలి, తప్పుంటే దిద్దాలి. ఇది చట్టం. కానీ సాయంత్రం నాలుగున్నరకి, ఇంకా ఇద్దరు సాక్షులు వరండాలో కూర్చుని ఉండగా, ఇది ఎంత శ్రద్ధగా జరుగుతుందో నాకు తెలుసు. జరగాల్సినంత జరగడం లేదు, నాకు బాధే.

ప్రశ్న: సార్, హత్య రుజువైతే మరణశిక్ష లేదా యావజ్జీవం, మధ్యలో ఏమీ లేదు. ముద్దాయి మీద జడ్జికి జాలి కలిగితే, లేదా మరణశిక్షనే ఆయన నమ్మకపోతే ఏం చేస్తారు? – లా విద్యార్థిని, సబ్బవరం

జవాబు: తల్లీ, జాలి అనే మాట తీర్పులో కనిపించదు గానీ అది వెళ్ళే దారి ఉంది. అసలు పోరాటం ఇది హత్యా, హత్య కిందికి రాని నరహత్యా అన్న దగ్గర జరుగుతుంది. హత్యకి శిక్ష చెప్పేది, 2024 జూలై 1 నుంచి జరిగినదైతే కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్‌లో 103వ సెక్షన్, అంతకుముందుదైతే పాత శిక్షా చట్టం ఐపీసీలో 302. కానీ హఠాత్తుగా రేగిన గొడవలో, ముందు అనుకోకుండా, క్రూరంగా ప్రవర్తించకుండా జరిగిందని తేలితే అది బీఎన్ఎస్ 105లోకి వస్తుంది, అక్కడ చంపాలన్న ఉద్దేశం ఉందా, చావొచ్చని తెలుసా అన్నదాన్ని బట్టి పదేళ్ళు, అంతకంటే తక్కువ కూడా పడొచ్చు. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎన్ని దెబ్బలు, కత్తి ఇంటి నుంచి తెచ్చాడా లేక అక్కడున్నది అందుకున్నాడా, వీటి మీదే ఒక మనిషి జీవితకాలం ఆధారపడుతుంది. జాలితో హత్యని 105లోకి తోస్తే తప్పు, కోపంతో 105ని హత్య చేసినా తప్పే. మంచి జడ్జిలు రాత్రిళ్ళు నిద్రపోనిది ఇక్కడే అని నా నమ్మకం.

మరణశిక్ష సంగతి వేరు. మామూలుగా యావజ్జీవమే, ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి, 1980లో బచన్ సింగ్ కేసు నుంచి అది అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసులకే. దోషి అని చెప్పాక శిక్ష మీద విడిగా వినాలి, సెషన్స్ జడ్జి ఉరి వేసినా హైకోర్టు ఖరారు చేసేదాకా అమలు కాదు. అందుకని జడ్జి తన నమ్మకాన్ని చంపుకోకుండానే చట్టాన్ని పాటించడానికి చోటుంది. ఉరిశిక్ష మీద సంతకం చేశాక జడ్జి పెన్ను పాళీ విరిచేస్తారంటారు కదా, అది ఆచారం, ఏ సెక్షన్లోనూ లేదు.

ప్రశ్న: జ్యూరీ ఉంటే ఈ భారమంతా ఒక్క జడ్జి మీద పడేది కాదు కదా? – అక్కయ్యపాలెం పాఠకుడు

జవాబు: ఒకప్పుడు ఉండేది. 1959 నాటి నానావతి కేసులో జ్యూరీ 8–1తో నిర్దోషి అంది, బొంబాయి సెషన్స్ జడ్జి అది ఒప్పుకోలేక హైకోర్టుకి పంపారు, అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. 1973 నాటి సీఆర్‌పీసీలో ఇక జ్యూరీకి చోటే లేదు. ఎనిమిది మంది చెప్పినా ఆ ఒక్క జడ్జికి నిద్ర పట్టలేదు చూశారా, భారం ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: మా నాన్నని చంపిన కేసులో ముద్దాయిని ఈమధ్యే వదిలేశారు. ఇద్దరు సాక్షులు 'నాను సూడ్లేదు బాబూ, గోలకి లెగిసొచ్చినాను' అని మాట మార్చేశారు. తీర్పు చదువుతున్నప్పుడు జడ్జిగారు ఒక్కసారి మా అమ్మ వైపు చూశారు. ఆయనకి నిజం తెలుసనిపించింది. తెలిసీ ఎందుకు వదిలేశారు? – ఒక కూతురు, గోపాలపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, కానీ ఆయన ఎదురుగా ఏముందో చెప్పగలను. చేసి ఉండొచ్చు అనడానికీ, చేసే ఉండాలి అనడానికీ మధ్య చాలా దూరం ఉందని 1973లో శివాజీ బోబడే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ సాక్షులు తిరగబడ్డాక జడ్జి దగ్గర మిగిలింది మొదటి మాట. రెండో మాట లేకుండా శిక్ష వేస్తే అది పై కోర్టులో నిలబడదు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, ప్రతి చిన్న అనుమానాన్నీ పట్టుకుని దోషుల్ని వదిలేయడం సమాజానికి చేటని. వందమంది దోషులు తప్పించుకున్నా పర్వాలేదు అనేవాళ్ళు మీ అమ్మగారి ముందు నిలబడి ఆ మాట అనగలరా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

మీకు ఇంకా దారి ఉంది. పోలీసులో, ప్రభుత్వమో అప్పీలుకి వెళ్ళేదాకా ఎదురుచూడక్కర్లేదు. విడుదల తీర్పు మీద బాధితులే హైకోర్టుకి అప్పీలు చేసుకునే హక్కు 2009 డిసెంబర్ 31 నుంచి ఉంది, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 413లో ఉంది. బాధితుడు అంటే చనిపోయిన మనిషి చట్టబద్ధ వారసులు కూడా, అంటే మీ అమ్మగారు, మీరు. అందుకు ముందుగా కోర్టు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో తేల్చారు. మాట మార్చిన సాక్షి చెప్పిందంతా చెత్తబుట్టలో వెయ్యనక్కర్లేదు, అందులో నమ్మదగిన ముక్క ఉంటే కోర్టు వాడుకోవచ్చు, కాబట్టి చీఫ్‌లో, అంటే తమని పిలిచిన పక్షం లాయరు మొదట అడిగినప్పుడు, వాళ్ళేం చెప్పారో, క్రాస్‌లో ఎక్కడ జారారో మీ లాయరు వరుసగా చదవాలి. కానీ మీకు అబద్ధపు ఆశ పెట్టను. రెండు రకాలుగానూ అనుకోవడానికి వీలున్న చోట హైకోర్టు విడుదల తీర్పుని సాధారణంగా మార్చదు. గట్టి కారణం కావాలి.

తీర్పు సర్టిఫైడ్ కాపీకి ఇవాళే దరఖాస్తు పెట్టండి, సాక్షుల వాంగ్మూలాలకి కూడా పెట్టండి, ఆలస్యం చేయకండి. లాయరు ఖర్చు గురించి బెంగపడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, వెళ్ళే ముందు 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ముద్దాయికి శిక్ష పడకపోయినా బాధితుల పరిహారానికి అక్కడే అర్జీ పెట్టుకోవచ్చు. ఎవరైనా మిమ్మల్ని భయపెడుతుంటే అది కూడా అక్కడ రాతపూర్వకంగా చెప్పండి. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. సంతకాలు ఆవిడవీ కావాల్సి వస్తాయి.